అనంతపురం వానకూ సోహ్రా వానకూ ఒకే రెయిన్ గేజ్

రెండేళ్ల క్రితం మే నెలాఖరులో నేను ఆన్‌లైన్‌లో ఒక రెయిన్ గేజ్ తెప్పించుకున్నప్పుడు, మా ఎదురింటి పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ ఊర్లో దీనికి పనేముంది సార్, ఉప్పో పప్పో పోసిపెట్టుకోండి" అన్నాడు. ఆయన మాటలో ఎకసెక్కం ఉంది గానీ అబద్ధం లేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం పడే వాన సగటున 550 మి.మీ. కాస్త అటూఇటూ ఉంటుంది. దేశంలో జైసల్మేరు తర్వాత వాన అతి తక్కువగా పడే జిల్లా మాదేనన్న మాట బడిలో చదువుకున్నప్పటి నుంచీ వింటూ వచ్చాం. నేను సైన్సు పాఠం చెప్పిన ముప్పై ఏళ్లలో అదే మాటను పిల్లలకు కూడా చెప్పాను. అయితే చెప్పడమే తప్ప, మా ఇంటి మీద ఎంత పడిందో ఒక్క రోజూ కొలిచి చూసింది లేదు. ఉద్యోగ విరమణ తర్వాత ఆ లోటు తీర్చుకోవాలనిపించి 1,450 రూపాయలు పెట్టి ఈ గేజ్ కొన్నాను. రెండు వానాకాలాలు అనంతపురంలోనూ, ఐదు రోజులు మేఘాలయలోని సోహ్రాలోనూ, అంటే మనం చిరపుంజి అని పిలుచుకునే ఊళ్లోనూ వాడిన తర్వాత రాస్తున్న సమీక్ష ఇది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే నమూనాను నలుగురైదుగురు నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, కాబట్టి పేరు కంటే నిర్మాణం చూసి కొనడం మేలు.

నిర్మాణం సంగతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే ఈ వస్తువులోని తెలివంతా అక్కడే ఉంది. బయట పది సెంటీమీటర్ల వెడల్పున్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, దాని మూతి మీద అంతే వెడల్పున్న గరాటు, గరాటు కింద డబ్బా లోపల నిలబడే సన్నని గొట్టం, ఇవి మూడే భాగాలు. లోపలి గొట్టం అడ్డుకోత వైశాల్యం గరాటు మూతి వైశాల్యంలో సరిగ్గా పదో వంతు ఉంటుంది. అందువల్ల ఆకాశం నుంచి ఒక మి.మీ. వాన పడితే గొట్టంలో నీరు పది మి.మీ. ఎత్తు, అంటే ఒక సెంటీమీటరు లేస్తుంది. మామూలు స్కేలుతో చూస్తే కంటికి ఆనని వాన ఇందులో స్పష్టంగా కనబడుతుంది. గొట్టం 25 మి.మీ. వానకు నిండిపోతుంది, ఆపైన పడిందంతా పొర్లి బయటి డబ్బాలో చేరుతుంది. వాన వెలిశాక ఆ పొర్లిన నీటిని మళ్లీ గొట్టంలో కొద్దికొద్దిగా పోసుకుంటూ కొలిచి కూడుకోవాలి. డబ్బా మొత్తానికి పట్టేది 280 మి.మీ. వాన. గరాటు ఉండటం వల్ల ఇంకో మేలు కూడా ఉంది: కింది రంధ్రం సన్నగా ఉంటుంది కాబట్టి లోపలి నీరు తొందరగా ఆవిరి కాదు. మా ఎండలకు ఇది చిన్న విషయం కాదు. నోరు తెరుచుకున్న గిన్నెలో పడిన రెండు మి.మీ. వాన మధ్యాహ్నానికల్లా ఏమీ మిగలకుండా పోతుంది.

వచ్చిన రోజునే దాన్ని నమ్మలేదు. అది నా వృత్తి దోషం. పది సెంటీమీటర్ల మూతి మీద ఒక మి.మీ. వాన పడితే 7.85 మిల్లీలీటర్ల నీరు చేరాలి. మందుల షాపులో పది మిల్లీలీటర్ల సిరంజి కొని, 78.5 మిల్లీలీటర్లు కొలిచి గరాటు మీద నెమ్మదిగా పోశాను. గీత పది దగ్గర ఉండాల్సింది 9.8 దగ్గర ఆగింది. గరాటు గోడలకు అంటుకుపోయిన తడిని లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా న్యాయమైనదే. మూడుసార్లు పోసినా అదే లెక్క వచ్చింది. ఈ ధరకు ఇంత నిక్కచ్చితనాన్ని నేను ఆశించలేదు. చదవడంలో ఒక మెళకువ మాత్రం తెలిసి ఉండాలి: గొట్టంలో నీరు అంచుల దగ్గర కాస్త పైకి పాకి, మధ్యలో గుంటపడి ఉంటుంది, ఆ గుంట అడుగున తగిలే గీతనే, కన్ను దానికి సమానమైన ఎత్తులో పెట్టి చదవాలి. వంగడం బద్ధకమై పైనుంచి చూస్తే అర మి.మీ. ఎక్కువ కనబడుతుంది. మా ఊళ్లో అర మి.మీ. అంటే ఒక్కోసారి ఆ వారమంతటి వాన.

మొదటి నెల దాన్ని మిద్దె మీద పిట్టగోడకు బిగించి తప్పు చేశాను. పెట్టెలో వచ్చిన కాగితం మీద బొమ్మ కూడా పిట్టగోడకు బిగించినట్టే ఉంది, కాబట్టి తప్పులో సగం వాళ్లది. మిద్దె మీద గాలి గోడను కొట్టుకుని పైకి లేస్తుంది. ఆ సుడిలో చినుకులు గరాటు మీదుగా దాటిపోతాయి. మా వాతావరణ శాఖ వాళ్ల గేజిలు చూడండి, నేలమీదే, మూతి అంచు నేలకు ముప్పై సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. చెట్టు గానీ గోడ గానీ ఉంటే, దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో గేజిని పెడతారు. మా పెరట్లో అంత ఖాళీ లేక, తమ్ముడి చేను గట్టు మీద ఒక గుంజ పాతి అక్కడ ఇంకొకటి, మా పెరటి నడుమ ఒకటి నిలబెట్టాను. అవును, రెండోది కూడా కొన్నాను. ఒకే వానలో మిద్దె మీది గేజ్ 11 మి.మీ. చూపిస్తే పెరట్లోది 13 చూపించింది. అప్పటి నుంచి మిద్దె వదిలేశాను.

రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చదువుతాను. వాతావరణ శాఖ లెక్క కూడా అదే వేళకు మొదలై అదే వేళకు ముగుస్తుంది, కాబట్టి పత్రికలో వచ్చే మండలాల వర్షపాతంతో పోల్చుకోవచ్చు. పోల్చిన కొద్దీ ఒక సంగతి అర్థమవుతుంది. మా వాన మబ్బు పట్టినంత మేరా పడదు, ముక్కలు ముక్కలుగా పడుతుంది. సెప్టెంబరులో ఒక రాత్రి మా పెరట్లో 22 మి.మీ. పడితే, పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న తమ్ముడి చేలో గొట్టం అడుగు తడిసింది, అంతే. వర్షపాతాన్ని బట్టి చెల్లించే పంటల బీమా గురించి మా రైతులు ఎందుకు అంతగా కొట్లాడతారో నాకు ఆ ఉదయం బోధపడింది. ఎక్కడో ఉన్న గేజిలో పడిన వాన తమ చేలో పడిన వాన కాదని వాళ్లు అంటుంటే ఇదివరకు నేను మొహమాటానికి తలూపేవాణ్ణి.

తమ్ముడు మాత్రం ఈ గొట్టాన్ని ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. ఫోన్ చేసి పద్దెనిమిది మి.మీ. అని చెబితే, "ఆ గీతలు నాకెందుకు లేన్నా, పదునైందా లేదా అది చెప్పు. జానెడు లోతు తడిసుంటే రేపు గొర్రు కడతా" అంటాడు. పదును అన్న మాటలో మట్టి, వాన, ఎద్దు, విత్తనం అన్నీ కలిసే ఉంటాయి కాబట్టి వాడితో నేను వాదించను. కానీ రెండేళ్లు రాసిపెట్టిన నోటుబుక్కు చూస్తే, మా ఎర్రనేలలో పదును అనిపించుకున్న వానలన్నీ ఇరవై మి.మీ. చుట్టుపక్కలే ఉన్నాయి, వాడికి తెలియకుండానే వాడి జానకూ నా గీతకూ పొత్తు కుదిరింది. ఉగాదినాడు పంచాంగం చదివే అయ్యవారు ఈ ఏడు ఇన్ని తూముల వర్షం, అందులో ఇన్ని భాగాలు సముద్రం మీద, ఇన్ని భాగాలు కొండల మీద, మిగిలింది భూమి మీద అని చెబుతారు. మా జిల్లాకు ఆ చివరి భాగంలోనూ చివరి చెంచానే దక్కుతుందని మా నాయన అంటుండేవాడు. గేజ్ కొన్న మొదటి ఏడాది నా పెరట్లో పడింది 487 మి.మీ. రెండు డబ్బాలు కూడా నిండలేదు.

ఇక రెండో వానాకాలంలో దీన్ని సోహ్రాకు ఎందుకు మోసుకెళ్లానన్నది చెప్పాలి. మా అమ్మాయి గువాహటిలో ఉద్యోగం చేస్తుంది. జులైలో వెళ్లినప్పుడు అయిదు రోజులు సోహ్రాలో ఒక ఇంట్లో గది తీసుకున్నాం. పెట్టెలోంచి ముప్పావు బట్టలు తీసేస్తే గానీ గేజ్ పట్టలేదు. మా ఆవిడ ఆ విషయాన్ని ఇంకా మరిచిపోలేదు. డబ్బా 280 మి.మీ. దాకా కొలుస్తుందని కంపెనీ వాడు గొప్పగా రాసుకున్నాడు. అనంతపురంలో ఆ మాటను పరీక్షించాలంటే నాకు ఇంకో జన్మ కావాలి. ప్రపంచంలో ఈ డబ్బాకు సరిజోడు దొరికే ఊళ్లు కొన్నే ఉన్నాయి, వాటిలో రెండు ఆ ఖాసీ కొండల మీదే ఉన్నాయి.

ఆ రెండూ సోహ్రా, మాసిన్రామ్. కాకి ఎగిరే దారిలో వాటి మధ్య పదిహేను కిలోమీటర్లకు మించి ఉండదు గానీ, లోయల చుట్టూ తిరిగే రోడ్డు మీద వెళ్లడానికి సగం రోజు పడుతుంది. మాసిన్రామ్‌లో ఏడాది సగటు వర్షపాతం దాదాపు 11,870 మి.మీ., సోహ్రాలో 11,770 మి.మీ. పైచిలుకు. మా అనంతపురం ఇరవై ఒక్క ఏళ్లలో చూసే వాన అక్కడ ఒక్క ఏడాదిలో పడుతుంది. దీనికి కారణం మహత్తేమీ కాదు, కొండ నిలబడిన తీరు. బంగాళాఖాతం మీదుగా వచ్చే తడిగాలి బంగ్లాదేశ్‌లోని చదును నేల మీద అడ్డూ ఆపూ లేకుండా సాగి, ఒక్కసారిగా గోడలాగా లేచిన ఖాసీ కొండల దక్షిణపు అంచును ఢీకొంటుంది. ఆ గోడ చదునుగా ఉండదు, లోయలతో చీలి ఉంటుంది. గాలి ఆ లోయల్లో ఇరుక్కుని, ఎటూ పోలేక నిట్టనిలువునా పైకి లేచి, చల్లబడి, ఉన్న నీటినంతా ఆ అంచు మీదే దించుకుంటుంది. అదే కొండల వెనక ఉన్న షిల్లాంగ్ సోహ్రాకు యాభై కిలోమీటర్ల దూరమే, కానీ అక్కడ పడేది రెండు వేల మి.మీ. పైచిలుకు మాత్రమే. మాకూ ఇదే కథ, తలకిందులుగా. అరేబియా సముద్రపు గాలి పడమటి కనుమలను ఎక్కేటప్పుడు కర్ణాటకలోని ఆగుంబెలో ఏడు వేల మి.మీ. పైగా కురిపిస్తుంది, కొండ దిగి మా వైపు వచ్చేసరికి దాని దగ్గర మిగిలేది గాలి, ఆ గాలికి తిరిగే మరలు. కొండకు ముందున్న ఊరికీ వెనకున్న ఊరికీ ఇంత తేడా ఉంటుందని బ్లాక్‌బోర్డు మీద బాణాలు గీసి ముప్పై ఏళ్లు చెప్పినవాణ్ణి, ఆ బాణం మొనకు వెళ్లి నిలబడటం అదే మొదటిసారి.

మేము దిగిన ఇంటి యజమానురాలిని అందరూ కాంగ్ అని పిలుస్తారు, ఖాసీలో అక్క అని అర్థమట. ఆమె పెరట్లో మొండిగోడకు దూరంగా వెదురు గుంజ పాతించి గేజ్‌ను దానికి మూడు తాళ్లతో బిగించాను. తాళ్లు ఎందుకంటే, దీనితో వచ్చిన బిగింపు పట్టీని అప్పటికే నమ్మడం మానేశాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. మొదటి రాత్రి 41 మి.మీ. అనంతపురంలో అది పత్రికలో వార్త. కాంగ్ మాత్రం పొద్దున్నే బట్టలు ఆరేస్తూ, నిన్న వాన పడలేదు కదా అని మా అమ్మాయితో హిందీలో అంది.

రెండో రాత్రి ఒంటిగంటప్పుడు మెలకువ వచ్చింది. అక్కడ వాన ఎక్కువగా రాత్రీ తెల్లవారుజామునా పడుతుందని చదివి ఉన్నాను, కానీ రేకుల కప్పు మీద ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఎవరూ రాయలేదు. పక్క మంచం మీద మా అమ్మాయి ఏదో అంటోంది, పెదాలు కదలడం కనబడుతోంది, మాట వినబడటం లేదు. పాత రోజుల్లో మాసిన్రామ్‌లో కప్పుల మీద గడ్డి ఎందుకు పరిచేవారో అప్పుడు తెలిసింది, చప్పుడు తగ్గడానికి. ఉదయం ఎనిమిదిన్నరకు వాన ఇంకా వెలవలేదు. కాంగ్ తన వెదురు కవచం, పేరు క్నప్, నా తల మీద పెట్టింది. వెదురూ ఆకులూ కలిపి అల్లిన ఆ కవచం తాబేలు చిప్పలాగా తల నుంచి నడుము దాకా కప్పుతుంది, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. వంగి పొలం పని చేసుకునేవాళ్లకు గొడుగు దేనికీ పనికిరాదు. ఆ చిప్ప కింద వంగి గేజ్ విప్పి వసారాలోకి తెచ్చాను. గొట్టం అంచు దాకా నిండి ఉంది, బయటి డబ్బాలో సగం పైన నీరుంది. గొట్టం వంచి 25 అని రాసుకున్నాను. మళ్లీ నింపాను, 25. మళ్లీ. అలా ఆరుసార్లు నిండుగా, ఏడోసారి 13 దాకా వచ్చింది. మొత్తం 163 మి.మీ. అంతకుముందు ఏడాదికి పైగా అనంతపురంలో నేను ఈ గొట్టాన్ని రెండోసారి నింపాల్సిన అవసరం రెండుసార్లే వచ్చింది.

ఈ గేజ్‌లోని అసలు లోపం బయటపడింది అక్కడే. ఏడుసార్లు పోసి కొలిచేసరికి నాలుగైదు నిమిషాలు పట్టింది, ఆ సమయంలో బయట పడుతున్న వాన ఎక్కడా జమ కాలేదు. అనంతపురంలో వాన వెలిశాకే తీరిగ్గా కొలుచుకుంటాం కాబట్టి ఈ సమస్య తలెత్తదు. వెలవని ఊళ్లో అది లెక్కను తింటుంది. బయటి డబ్బా మీద కూడా గీతలు వేసి ఉంటే పోయకుండానే చదువుకోవచ్చు, వేయడానికి అయ్యే ఖర్చు కూడా ఏమంత కాదు. రెండో లోపం గరాటు లోతు. ధార బలంగా ఉన్నప్పుడు చినుకులు గరాటు వాలు మీద పడి కొంత ఎగిరి అంచు దాటి బయటకు చిందడాన్ని నేను కళ్లారా చూశాను. గరాటు అంచు ఇంకో రెండు వేళ్ల ఎత్తు ఉండాల్సింది. కాబట్టి నా 163లో నిజానికి మరికొంత కలపాలేమో. తర్వాతి మూడు రోజులూ వరుసగా 96, 8, 122 వచ్చాయి. ఐదు రోజుల మొత్తం 430 మి.మీ. నా పెరట్లో ఏడాదంతా పడినదానికి 57 మాత్రమే తక్కువ.

కాంగ్‌కు నా నోటుబుక్కు చూపిస్తే ఆసక్తిగా తిరగేసి, మీ ఊళ్లో ఈ డబ్బాలు ఎన్ని నిండుతాయని అడిగింది. రెండు అన్నాను. "వారానికా?" అంది. ఏడాదికి అని మా అమ్మాయి చెప్పగానే ఆమె నవ్వలేదు. నీళ్లెలా మరి అని అడిగింది. బోర్లు, తుంగభద్ర కాలువ, ట్యాంకర్లు అని చెప్పాం. ట్యాంకర్ అన్న మాట ఆమెకు కొత్త కాదు. జనవరి, ఫిబ్రవరి వస్తే ఆ ఊళ్లో ఊటలు సన్నబడతాయి, ఆడవాళ్లు బిందెలు పట్టుకుని లోయల్లోకి దిగుతారు, ఉన్నవాళ్లు నీళ్లు కొనుక్కుంటారు. కొండ మీద మట్టి పలచన, కింద సున్నపురాయి, చెట్లు పోయిన చోట పడిన నీరు నిలవకుండా బంగ్లాదేశ్‌కు జారిపోతుంది. గేజ్ 11,000 చూపించిన ఊళ్లో బిందె ఖాళీగా ఉండటం మా తమ్ముడికి చెబితే, "నేను చెప్పింది అదే కదన్నా, గొట్టంలో పడితే ఏం, నేలలో నిలబడాల" అన్నాడు. వాడికి ఆ అవకాశం ఇచ్చింది నేనే.

ఐదు రోజుల్లో డబ్బా ఒక్కసారీ పూర్తిగా నిండలేదని తిరుగు రైల్లో కొంత నిరాశగానే ఉన్నాను. కానీ 280 మి.మీ. డబ్బా ఆ ఊళ్లకు ఎంత చిన్నదో లెక్కలు చూస్తే తెలుస్తుంది. 2022 జూన్ 17 ఉదయం మాసిన్రామ్‌లో నమోదైన ఒక్క రోజు వాన 1,003.6 మి.మీ., అంటే ఈ డబ్బా మూడున్నర సార్లు నిండాలి. అదే రోజు సోహ్రాలో 972. 1995 జూన్ 15, 16 తేదీల్లో సోహ్రాలో నలభై ఎనిమిది గంటల్లో 2,493 మి.మీ. పడింది, రెండు రోజుల వానకు అదే ప్రపంచ రికార్డు. 1860 ఆగస్టు నుంచి 1861 జులై దాకా పన్నెండు నెలల్లో అక్కడ పడిన వాన 26,461 మి.మీ.; ఆ ఒక్క 1861 జులైలోనే 9,300. మా జిల్లాకు పదహారేళ్ల పైన పట్టే వాన ఒక్క నెలలో! కరెంటు లేని ఆ కాలంలో, నూటఅరవై ఏళ్ల కిందట, ఎవరో ఒకరు నాలాగే ఆ చీకటి వానలో వంగి, పాత్ర విప్పి, కొలగ్లాసులో పోసి, లెక్క రాసి, మళ్లీ బిగించి ఉండాలి. ఆ మనిషికి ఎన్నిసార్లు పోయాల్సి వచ్చిందో ఊహించుకుంటే నా ఏడుసార్లు ఏమంత పని కాదనిపిస్తుంది.

ఒక్క రోజు రికార్డు మాత్రం సోహ్రాది కాదు. హిందూ మహాసముద్రంలోని రెయూనియన్ దీవిలో ఫోక్-ఫోక్ అనే చోట 1966 జనవరి 7, 8 తేదీల్లో, తుపాను దీవిని తాకినప్పుడు ఇరవై నాలుగు గంటల్లో 1,825 మి.మీ. పడింది. ఒక్క నిమిషం లెక్కకు వస్తే అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో యూనియన్‌విల్ అనే ఊళ్లో 1956 జులై 4న 31.2 మి.మీ.; నా గొట్టం నిమిషం తిరగకముందే పొర్లిపోయేది. హవాయి దీవుల్లో వాయలేయలే శిఖరం మీద 1982లో 17,300 మి.మీ. నమోదైంది, ఆ శిఖరానికి రోజూ ఎక్కి గేజ్ చదివి రావడం ఎవరివల్లా కాదు. కొలంబియా పడమటి తీరంలోనూ ఖాసీ కొండలతో పోటీపడే ఊళ్లున్నాయి. యోరో అనే ఊళ్లో ఏడాదికి 13,000 మి.మీ. పైన పడుతుందన్న అంచనా ఉంది, కానీ ఆ కొలతల మీద వివాదం ఉండబట్టి కిరీటం ఇప్పటికీ మాసిన్రామ్ నెత్తినే ఉంది. ఏ ఊరు మొదటిదన్న పంచాయితీ చివరికి ఏ డబ్బా, ఎక్కడ పెట్టారు, ఎన్నేళ్లు తప్పకుండా చదివారు అన్న దగ్గరే తేలుతుందని తెలిశాక, పిట్టగోడ మీద పోయిన ఆ రెండు మి.మీ. గుర్తొచ్చి నాకు కాస్త సిగ్గేసింది.

ఇప్పుడు ఫిర్యాదులు. మొదట వచ్చిన గేజ్ లోపలి గొట్టం అడుగున చీలి ఉంది. వెనక్కి పంపి కొత్తది తెప్పించుకోవడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. మృగశిర కార్తె అలా పోయింది. పగిలేది ఆ గొట్టమే అని అమ్మేవాళ్లకు తెలియదనుకోను, అయినా గొట్టం ఒక్కటి విడిగా అమ్మరు, మొత్తం మళ్లీ కొనాలి. బిగింపు పట్టీ స్టెయిన్‌లెస్ స్టీలు అని పెట్టె మీద ఉంది. ఒక వానాకాలానికే మరలు తుప్పు పట్టాయి, అది కూడా అనంతపురం వానకు. మా తమ్ముడి చేలో గుంజకు బిగించిన పట్టీ ఆషాఢపు గాలికి ఊడి, గేజ్ చెనక్కాయ చేలో దొరికింది. గొట్టం మీది గీతలు మా వేసవి రెండు దాటేసరికి 5 నుంచి 12 దాకా వెలిసిపోయాయి. నేను సూదితో గీసి నల్లరంగు పూసుకున్నాను. గీతలు అచ్చు వేయకుండా ప్లాస్టిక్‌లోనే చెక్కిన రకం దొరికితే రెండొందలు ఎక్కువైనా అదే తీసుకోండి. కాగితం మీది సూచనల్లో పొర్లిన నీటిని ఎలా కొలవాలో ఒక్క ముక్క లేదు. అది తెలియక మా వీధిలో ఇంకొకాయన 25 దాటిన వానలన్నీ 25 అనే రాసుకున్నాడు.

బ్యాటరీతో నడిచే డిజిటల్ గేజ్ మేలు కదా అని కొందరు అడిగారు. వాటిలో చిన్న తొట్టి నిండినప్పుడల్లా ఒరిగి ఖాళీ అవుతుంది, ఎన్నిసార్లు ఒరిగిందో యంత్రం లెక్కపెడుతుంది. వాన జోరుగా ఉన్నప్పుడు తొట్టి ఒరిగే వ్యవధిలో కొంత నీరు లెక్క తప్పుతుంది. మా దగ్గర దాని బాధ వేరు, దుమ్ము. వేసవి గాలికి ఎర్రమట్టి గరాటులో పేరుకుని సన్న రంధ్రం మూసుకుపోతుంది, తొట్టి ఇరుసు బిగుసుకుంటుంది. నాలుగైదు వేలు పోసి దాన్ని రోజూ తుడుచుకునే ఓపిక ఉంటే కొనుక్కోవచ్చు. గొట్టం గేజ్‌కు పాత పళ్ల బ్రష్ చాలు.

మెట్ట రైతుకు, బడికి, నాలాంటి ఖాళీ మనిషికి ఇది తీసుకోదగిన వస్తువే. ఐదుకు మూడున్నర ఇస్తాను, పట్టీ బాగుంటే నాలుగు ఇచ్చేవాణ్ణి. సోహ్రా వైపు తీసుకెళ్లదలచినవాళ్లు బయటి డబ్బా ఇంకోటి వెంట ఉంచుకుని, ఒకటి విప్పగానే రెండోది గుంజకు తగిలించండి, కొలిచేంతసేపూ పడే వాన పోదు. అనంతపురంలో వాడేవాళ్లు వానకు ముందు చూసుకోవాల్సింది వేరు. నేను మేఘాలయ నుంచి వచ్చాక గేజ్‌ను మళ్లీ పెరట్లో నిలబెట్టి పందొమ్మిది రోజులు వరుసగా సున్నా రాసుకున్నాను. ఇరవయ్యో రోజు రాత్రి చినుకులు పడ్డ చప్పుడు విని పొద్దున్నే ఆశగా వెళితే గొట్టం పొడిగా ఉంది, నీరు గరాటు అడుగునే నిలిచిపోయింది. లోపల సాలీడు గూడు కట్టుకుంది. సిరంజితో తోడి కొలిస్తే మూడు మి.మీ. వచ్చింది.